గాజు తొట్టెలో సముద్రం: బంధించినవాడి బాధ్యత ఎంత?

ప్రాణులను అలంకారం కోసం, వినోదం కోసం ఇంట్లో ఉంచుకోవడం మనిషికి కొత్త కాదు. ఒకప్పుడు పంజరంలో చిలుక ఉండేది. తరువాత గాజు తొట్టెలో రంగు చేపలు వచ్చాయి. ఇప్పుడు కొందరు సంపన్నుల ఇళ్ళలోనూ, పెద్ద హోటళ్ళలోనూ ఉప్పునీటి అక్వేరియంలు, వాటిలో సజీవమైన పగడాలు కూడా కనిపిస్తున్నాయి. గల్ఫ్ దేశాలకు వెళ్ళివచ్చిన మన సోదరులు అక్కడి మాల్స్‌లో ఇలాంటివి చూసి ముచ్చటపడుతుంటారు. పిల్లలు అడిగితే ఇంట్లోనూ ఒకటి పెడదామా అనుకునేవారూ ఉన్నారు.

ఇలాంటి తొట్టెను ఇంట్లో పెట్టుకోవడం ధర్మసమ్మతమేనా? ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో జవాబు చెప్పడం తేలిక. కాని దాని వెనుక అంతకన్నా లోతైన ప్రశ్న ఒకటి ఉంది. ఒక ప్రాణిని దాని స్వస్థలం నుంచి తీసి మన గుప్పిట్లో పెట్టుకున్నప్పుడు, ఆ క్షణం నుంచి దానికి మనం ఏమేమి బాకీ పడతాం? తిండి పడేస్తే బాకీ తీరిపోతుందా? ఈ ప్రశ్నకు పగడాల తొట్టె ఇచ్చినంత స్పష్టమైన జవాబు బహుశా మరేదీ ఇవ్వదు. కనుక ముందు ఆ తొట్టె సంగతి కాస్త వివరంగా చూద్దాం.

పగడం రాయి కాదు

పగడాన్ని చాలామంది రాయి అనుకుంటారు. కొందరు మొక్క అనుకుంటారు. నిజానికి అది జంతువు. పాలిప్ అనే మెత్తని చిన్న ప్రాణులు వేలాదిగా ఒకదానికొకటి అంటుకుని గుంపుగా జీవిస్తాయి. ప్రతి పాలిప్ సముద్రపు నీటిలోని కాల్షియాన్నీ, కార్బొనేటునూ పీల్చుకుని తన కింద గట్టి పునాది కట్టుకుంటుంది. మనం చూసే 'రాయి' ఆ పునాదే. దాని శరీరంలో కంటికి కనిపించని నాచు నివసిస్తుంది. ఆ నాచు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి తనకు ఆశ్రయమిచ్చిన జీవికి పంచిపెడుతుంది.

ఈ చిన్న జీవుల శ్రమ ఎంతటిదో చూడండి. లక్షద్వీపాలు, మాల్దీవులు వాటి అస్థిపంజరాల మీదనే నిలిచి ఉన్నాయి. లక్షద్వీపాల జనాభాలో అత్యధికులు ముస్లిములు. వారు నమాజుకు నిలబడే నేల ఒకనాటి పగడాలదే. మాల్దీవుల రాజధాని మాలేలో 1658లో పూర్తయిన పాత జుమా మసీదును పగడపు రాతితోనే కట్టారు. హజ్ యాత్రికులు దిగే జిద్దా నగరంలోని పాత బస్తీ ఇళ్ళలో కూడా ఎర్రసముద్రపు పగడపు రాయి ఉంది. ఆ బస్తీకి 2014లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు లభించింది. దివ్యఖుర్ఆన్‌లోని 'అర్రహ్మాన్' సూరా సముద్రాల నుంచి లభించే వరాలలో ముత్యాలతో పాటు పగడాలను కూడా పేర్కొంది. అదే సూరా ప్రారంభంలో సృష్టికర్త ఆకాశాన్ని ఎత్తి త్రాసును నెలకొల్పాడన్న ప్రస్తావన, తూకంలో హద్దు మీరవద్దన్న హెచ్చరిక ఉన్నాయి. పగడం, త్రాసు రెండూ ఒకే సూరాలో ఉన్నాయన్న సంగతిని గుర్తుంచుకుని ముందుకు వెళదాం.

సముద్రం అడగకుండానే ఇచ్చేది

సముద్రపు నీరంటే ఉప్పు కలిసిన నీరు మాత్రమే కాదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో అధికభాగం మన వంటింటి ఉప్పులోని సోడియం, క్లోరైడులే. కాని పగడం బతుకు మిగిలిన వాటిపైనే ఆధారపడి ఉంటుంది. లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం, సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం, 8 మిల్లీగ్రాముల స్ట్రాన్షియం, వీటితో పాటు బైకార్బొనేటు, కార్బొనేటులు ఉంటాయి. ఈ చివరి రెంటినీ కలిపి ఆల్కలినిటీగా కొలుస్తారు. సముద్రంలో అది సుమారు 7 జర్మన్ డిగ్రీలు.

సముద్రంలోని పగడానికి వీటి కొరత రాదు. అది ఎంత తీసుకున్నా అలలు కొత్త నీటిని తెస్తూనే ఉంటాయి. కొండలను కడిగిన వానలు నదులుగా వచ్చి కాల్షియాన్ని మళ్ళీ సముద్రంలో కలుపుతాయి. తీసుకునేవాడు అడగడు, ఇచ్చేవాడు లెక్కకట్టడు.

గాజు తొట్టెలో ఈ ఏర్పాటు తెగిపోతుంది. అక్కడ ఉన్నది కొన్ని వందల లీటర్ల నీరు మాత్రమే. పగడం తన అలవాటు ప్రకారం ప్రతిరోజూ తీసుకుంటుంది. తిరిగి నింపేవారు ఎవరూ ఉండరు, తొట్టె యజమాని తప్ప. అంటే ఆ పగడాన్ని కొన్న రోజున ఆయన కొన్నది ఒక అందమైన వస్తువును మాత్రమే కాదు. దానితోపాటు సముద్రం చేసే పనిని కూడా తన నెత్తికెత్తుకున్నాడు.

ఒక చిన్న లెక్క

ఈ బాధ్యత ఎలాంటిదో అంకెలలో చూద్దాం. 200 లీటర్ల తొట్టె ఉందనుకోండి. అందులో బాగా పెరుగుతున్న పగడాలు రోజుకు ఒక డిగ్రీ ఆల్కలినిటీని వాడుకుంటున్నాయనుకోండి. అంటే రోజుకు దాదాపు మూడున్నర గ్రాముల అస్థిపంజరాన్ని కడుతున్నాయన్నమాట. ఈ లోటు పూడ్చాలంటే దాదాపు 6 గ్రాముల వంటసోడా, దానికి తగిన కాల్షియం ప్రతిరోజూ నీటిలో చేరాలి.

ఆల్కలినిటీలో ఒక డిగ్రీ తగ్గితే కాల్షియం లీటరుకు దాదాపు 7 మిల్లీగ్రాములు తగ్గుతుంది. యజమాని ఒక వారం పాటు ఏమీ కలపలేదనుకుందాం. పగడాలు అదే వేగంతో వాడుకుంటే కాల్షియం 420 నుంచి 370 దగ్గరకు మాత్రమే దిగుతుంది. చూసేవారికి అది పెద్ద లోటుగా అనిపించదు. కాని అదే వారంలో 7 డిగ్రీల ఆల్కలినిటీ మొత్తం ఖర్చయిపోవాలి. అక్కడిదాకా రాకముందే పగడాల పెరుగుదల ఆగిపోతుంది, వాటి మెత్తని శరీరం ఎముక మీది నుంచి ఊడిపోవడం మొదలవుతుంది.

ఇందులో గమనించదగ్గ విషయం ఒకటుంది. సమృద్ధిగా ఉన్నదాన్ని చూసి మనం ధైర్యంగా ఉంటాం. కాని ప్రాణం పోయేది తక్కువగా ఉన్నది అయిపోయినప్పుడు. ఇంట్లో డబ్బుకు కొదవ లేదు, తిండికి కొదవ లేదు, కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకునే తండ్రులు ఎందరో ఉన్నారు. ఆ ఇంట్లో పిల్లలతో గడిపే సమయం, భార్యతో ఆడే మంచి మాట, వృద్ధ తల్లిదండ్రుల పక్కన కూర్చునే పది నిమిషాలు ఎప్పుడో అడుగంటి ఉంటాయి. బీరువా నిండుగా ఉన్నందువల్ల ఆ లోటు కంటపడదు.

ఇక మెగ్నీషియం సంగతి. పగడం దాన్ని వాడుకునేది చాలా స్వల్పం. అయినా అది నీటిలో కాల్షియానికి మూడు రెట్లు ఉండాలి. ఎందుకంటే కాల్షియం, కార్బొనేటు ఒకదానికొకటి తారసపడితే నీటిలోనే కలిసిపోయి సున్నపురాయిగా మారాలని చూస్తాయి. మెగ్నీషియం ఆ స్ఫటికాల ఉపరితలం మీద చేరి వాటిని పెరగనివ్వకుండా అడ్డుపడుతుంది. అది తగ్గిపోతే యజమాని ఎంత కాల్షియం పోసినా, ఎంత సోడా కలిపినా నిలవదు. మోటారు మీద, గొట్టాల్లో, గాజు మీద తెల్లని పెచ్చులుగా పేరుకుపోతుంది. తాను ఏమీ నిర్మించకపోయినా ఇతరుల శ్రమ వృథా కాకుండా కాపాడటమే దాని పని. కొన్ని కుటుంబాలలో పెద్దవారు ఇలాగే ఉంటారు. వారు ఏమీ చేస్తున్నట్లు కనిపించరు. వారు పోయాక గానీ ఇల్లు ఎందుకు చెదిరిందో తెలియదు.

నోరులేని ప్రాణి

మేకకు ఆకలేస్తే అరుస్తుంది. పిల్లి కాళ్ళ చుట్టూ తిరుగుతుంది. చేప కూడా నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంది. పగడం ఏమీ చేయదు. అది అరవదు, కదలదు, మొహం చిట్లించదు. కొరత మొదలైన రోజున అది నిన్నటిలాగే అందంగా కనిపిస్తుంది. కళ్ళకు తేడా కనిపించే నాటికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

అందుకే పగడాలు పెంచేవారు పరీక్షా సామగ్రి దగ్గర పెట్టుకుంటారు. కొద్దిగా నీరు తీసి, అందులో ఒక్కొక్క చుక్క మందు వేస్తూ, రంగు మారేదాకా చుక్కలు లెక్కిస్తారు. ఆల్కలినిటీ ఎంత, కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అని పుస్తకంలో రాసుకుంటారు. ఆ నోరులేని ప్రాణికి ఆ చుక్కల లెక్కే నోరు. పరీక్ష చేయని యజమాని దాని గొంతు నొక్కినవాడితో సమానం. దానికి లోటు ఉందో లేదో తెలుసుకునే మార్గం ఉండి కూడా తెలుసుకోలేదు గనుక, 'నాకు తెలియదు' అన్న సాకు అతనికి చెల్లదు.

ఇక్కడే మన ధర్మం నేర్పిన ఒక పాఠం గుర్తుచేసుకోవాలి. పిల్లిని కట్టేసి, దానికి తిండి పెట్టక, నేల మీద తిరిగి తన తిండి తాను వెతుక్కునేలా వదిలిపెట్టక చంపిన స్త్రీ ఆ కారణంగా నరకశిక్షకు గురైందని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలియజేశారు. ఈ హదీసు మనలో చాలామందికి తెలుసు. అయితే ఆమె నేరం ఏమిటో జాగ్రత్తగా చూడండి. ఆమె పిల్లిని కొట్టలేదు, కోయలేదు. దాని దారులన్నీ మూసింది, ఆ తర్వాత తాను దారి కాలేదు. అంతే! స్వేచ్ఛగా తిరిగే పిల్లికి తిండి పెట్టకపోవడం వేరు. కట్టేసిన పిల్లికి పెట్టకపోవడం వేరు. బంధించడమే బాధ్యతను పుట్టించింది.

పెంచుకోవడమే నిషిద్ధమా అంటే, కాదనే పండితులు చెబుతారు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. ఆ పిట్ట ఏమైందని దైవప్రవక్త (స) ఆ బాలుణ్ణి ఆప్యాయంగా పలకరించేవారు. పెంచుకున్నందుకు మందలించలేదు. పక్షిని బాధపెట్టకుండా పెంచుకోవచ్చనడానికి ధర్మవేత్తలు దీన్ని ఆధారంగా తీసుకున్నారు. మరోవైపు, ఒక అన్సారీ తోటలో ఆకలితో, అధిక శ్రమతో నలిగిన ఒంటెను చూసి ఆయన దాని యజమానిని పిలిపించి, ఈ పశువు విషయంలో దేవునికి భయపడవా అన్న భావంతో గట్టిగా హెచ్చరించారు. అంటే అనుమతి ఉంది, దాని పక్కనే జవాబుదారీతనమూ ఉంది.

హిజ్రీ 660లో, అంటే క్రీ.శ. 1262లో కైరోలో కన్నుమూసిన ప్రఖ్యాత ధర్మవేత్త ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ మనిషిపై పశువులకున్న హక్కులను వివరించారు. పశువు ముసలిదైనా, జబ్బుపడినా, దానివల్ల ఇక ఏ లాభమూ లేకపోయినా దాని పోషణ ఖర్చు యజమాని భరించాలన్నారు. మోయలేని బరువు వేయకూడదన్నారు. దాన్ని గాయపరిచే జంతువులతో కలిపి ఉంచకూడదన్నారు. పగడాన్ని కొరికే చేపను అదే తొట్టెలో వేసేవారు, పగడం రంగు వెలిసిందని చెత్తబుట్టలో పడేసేవారు ఏడువందల ఏళ్ళ క్రితం నాటి ఈ మాటలను ఒకసారి ఆలోచించాలి.

మెదడే లేని జీవికి హక్కులేమిటి?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పగడానికి మెదడు లేదు, పిల్లి పడినంత బాధ అది పడదు, కాబట్టి ఈ పోలిక సరికాదని కొందరంటారు. పగడానికి మెదడు లేదన్నది నిజం. దానిలో ఉన్నది నరాల వల మాత్రమే. దాని బాధను పిల్లి బాధతో సమానం చేయనవసరం లేదు.

కాని బాధ్యత ఎక్కడి నుంచి పుట్టింది? ఎదుటివాడికి తెలిసే బాధ నుంచి మాత్రమేనా? ఉయ్యాలలోని అనాథ శిశువు ఆస్తికి ఒకరిని సంరక్షకుడిగా పెట్టారనుకుందాం. అతను ఆ సొమ్మును పాడుచేశాడు. శిశువుకు ఆస్తి అంటే ఏమిటో తెలియదు, పోయిందన్న బాధా లేదు. అంతమాత్రాన సంరక్షకుడి నేరం తగ్గుతుందా? తగ్గదు సరికదా, అడిగేవాడు లేడు గనుక ఇంకా పెరుగుతుంది. అనాథల సొమ్ము విషయంలో దివ్యఖుర్ఆన్ అంత కఠినంగా హెచ్చరించడానికి కారణం ఇదే. అమానత్ అంటే అప్పగింత. అది పుచ్చుకున్నవాడి మాట మీద నిలుస్తుంది, ఇచ్చినవాడి తెలివి మీద కాదు. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందన్న ప్రవక్త బోధ సారాంశం కూడా ఇదే కదా!

కొరత ఎంత ప్రమాదమో, అతి కూడా అంతే

బాధ్యత తెలిసిన వెంటనే కొందరు ఉత్సాహంతో మరో పొరపాటు చేస్తారు. లోటు ఉందని తెలియగానే ఒకేసారి పెద్ద మొత్తంలో మందులు పోస్తారు. దాని ఫలితం మరీ ఘోరంగా ఉంటుంది.

కాల్షియం, ఆల్కలినిటీ రెంటినీ ఇచ్చే పాత పద్ధతి ఒకటుంది. అది సున్నపు తేట. పీటర్ విల్కెన్స్ అనే నిపుణుడు 1970లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మనవాళ్ళు తమలపాకుకు రాసే సున్నం లాంటిదే, కాని శుద్ధి చేసినది. నీటిలో కలిపి తేరనిచ్చి పైన తేటను వాడతారు. పగడం వాడుకునే నిష్పత్తిలోనే అది కాల్షియాన్నీ, క్షారాన్నీ ఇస్తుంది. మనం పైన చెప్పుకున్న 200 లీటర్ల తొట్టెకు రోజుకు పావు తక్కువ రెండు లీటర్ల తేట సరిపోతుంది. తొట్టె నుంచి రోజూ ఆవిరయ్యే నీటి స్థానంలో దీన్ని పోయవచ్చు. ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే మిగిలిపోతుంది. ఆవిరైన నీటికి బదులు మళ్ళీ ఉప్పునీరు పోసేవారు తెలియకుండానే ఉప్పును పెంచుతున్నారు.

అయితే ఈ తేట చాలా ఘాటైన క్షారం. దాని పిహెచ్ 12 దాటి ఉంటుంది, సముద్రపు నీటిది 8.1 దగ్గర. అందుకే దాన్ని చుక్క చుక్కగా, గంటల తరబడి, తరచుగా రాత్రిపూట వదులుతారు. రాత్రి వెలుతురు ఉండదు, నాచు పని ఆగుతుంది, నీటి పిహెచ్ కొంచెం పడిపోతుంది. ఆ వేళ పడిన చుక్క మేలు చేస్తుంది. అదే రెండు లీటర్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే తొట్టె పాలలా తెల్లబడి, లోపలి ప్రాణులు చనిపోవచ్చు. మందు అదే, మోతాదూ అదే. ఇచ్చిన తీరు ఒక్కటే మారింది.

రెండు సీసాల పద్ధతి కూడా ఉంది. ఒకదానిలో కాల్షియం క్లోరైడు, మరోదానిలో సోడా. రెండూ అవసరమే. కాని రెంటినీ ఒకే గిన్నెలో కలిపితే తెల్లని ముద్దగా మారి దేనికీ పనికిరావు. వేరువేరు వేళల్లో ఇవ్వాలి. ఆల్కలినిటీ బాగా తగ్గినా రోజుకు ఒక డిగ్రీకి మించి పెంచవద్దని అనుభవజ్ఞులు చెబుతారు. కొలవని పదార్థాన్ని కలపవద్దన్నది వారి మరో సూత్రం. అయొడిన్, స్ట్రాన్షియం మంచివని విని కొలత లేకుండా పోసేవారు మేలు చేయబోయి కీడు చేస్తారు.

క్రమం తప్పకుండా చేసే పని కొంచెమైనా సరే, అదే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనదని దైవప్రవక్త (స) బోధించారు. మనం దీన్ని నమాజుకు, దానధర్మాలకు అన్వయించుకుంటాం. పగడాల తొట్టెలో ఇది కళ్ళెదుట రుజువవుతుంది. అక్కడ నెలకోసారి చూపే భారీ ప్రేమ చంపుతుంది, రోజూ చూపే చిన్న శ్రద్ధ బతికిస్తుంది. రంజాన్‌లో రాత్రంతా మేలుకొని షవ్వాల్ రాగానే ఫజ్ర్ నమాజు వదిలేసేవారు, ఏడాదంతా పలకరించక పండుగనాడు తల్లికి ఖరీదైన చీర పంపేవారు ఈ విషయం ఆలోచించాలి.

ఎక్కడి నుంచి వచ్చింది?

తూకం ఎంత సరిగ్గా ఉన్నా, తూచే వస్తువు దొంగసొమ్ము అయితే ఆ తూకానికి విలువ లేదు. మన దేశంలో మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవుల వద్ద పగడపు దిబ్బలున్నాయి. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రాల నుంచి వాటిని ఊడబెరకడం, అమ్మడం నేరం. అంతర్జాతీయంగా కూడా రాతి పగడాల వ్యాపారం సైటిస్ ఒప్పందం నియంత్రణలో ఉంది. రంగు చేపల విషయమూ అంతే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా సముద్రాలలో సైనైడు చల్లి చేపలను మత్తులో పట్టే దుర్మార్గపు పద్ధతి దశాబ్దాలుగా ఉంది. ఆ విషం చేపకే కాక చుట్టూ ఉన్న పగడాలకు కూడా చావు తెస్తుంది.

ఇందుకు భిన్నమైన మార్గం కూడా ఉంది. తొట్టెలో పెరిగిన పగడం నుంచి చిన్న ముక్క కోసి, దాన్ని అతికించి కొత్త పగడంగా పెంచవచ్చు. చాలా దేశాలలో పెంపకందారులు ఇలాంటి ముక్కలను ఇచ్చిపుచ్చుకుంటారు. దానివల్ల సముద్రంపై భారం తగ్గుతుంది. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సజీవమైన సముద్రపు రాళ్ళు, గాలి బుడగలతో పగడాలను బతికించే పద్ధతిని వివరించి ఈ విద్యకు దారి చూపాడు. నాటి నుంచి నేర్చుకున్న సంగతులు పగడాలను పెంచి పాడైన దిబ్బల మీద తిరిగి నాటే ప్రయత్నాలకు కూడా పనికివస్తున్నాయి. కనుక ఈ విద్యను మొత్తంగా వ్యర్థమని కొట్టిపారేయలేం.

పెద్ద తొట్టె

ఇప్పుడు ఒక్కసారి గాజు తొట్టెను వదిలి సముద్రం వైపు చూద్దాం. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి మనం బొగ్గు, చమురు మండించి గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడులో గణనీయమైన భాగం సముద్రంలో కరిగింది. సముద్రపు ఉపరితలం పిహెచ్ దాదాపు 8.2 నుంచి 8.1కి దిగింది. అంకెలో తేడా చిన్నదే, కాని ఆమ్లత్వంలో అది దాదాపు 30 శాతం పెరుగుదల. పగడం ఎముక కట్టుకోవడానికి కావలసిన కార్బొనేటు ఆ మేరకు తగ్గుతుంది. వేడి సంగతి ఇంకా తీవ్రమైనది. మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తనలోని నాచును బయటకు నెట్టేసి తెల్లబడిపోతుంది. 1998లో లక్షద్వీపాలు, మాల్దీవుల పగడాలు ఇలాగే పెద్దయెత్తున నశించాయి. 2010లో, ఆ తర్వాత 2014 నుంచి 2017 వరకు మళ్ళీ ప్రపంచమంతటా జరిగింది. నాలుగో విడత కొనసాగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ధ్రువపరిచారు.

మానవుడు భూమిపై దేవుని ప్రతినిధి అని మనం విశ్వసిస్తాం. ప్రతినిధి అంటే యజమాని కాడు, లెక్క అప్పజెప్పవలసినవాడు. 200 లీటర్ల నీటిలో ఒక్క డిగ్రీ తేడాను సరిదిద్దడానికి రోజూ కొలిచి, తూచి, చుక్కలు వదలాల్సి వస్తుంటే, ఎవరూ కొలవకుండానే కోట్లాది సంవత్సరాలుగా పగడాలను పోషించిన సముద్రాన్ని మనం ఎంత నిర్లక్ష్యంగా చూశామో అర్థమవుతుంది. చెడిన తొట్టె నీటిని మార్చవచ్చు. చెడిన సముద్రపు నీటిని మార్చడానికి మన దగ్గర మరో సముద్రం లేదు.

చివరగా ఒక మాట

మరి ఇంట్లో పగడాల తొట్టె పెట్టుకోవచ్చా? పెట్టుకోదలచినవారు ముందుగా తమను తాము నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. కొనకముందే దాని అవసరాలు నేర్చుకున్నానా, లేక తెచ్చాక చూద్దాం అనుకుంటున్నానా? అది చట్టబద్ధంగా వచ్చిందా? ప్రతిరోజూ, నా ఉత్సాహం తగ్గిన రోజున కూడా, నేను ఊరెళ్ళిన రోజున, కరెంటు పోయిన రాత్రి, మన ప్రాంతపు వేసవి ఎండల్లో దాన్ని చూసే ఏర్పాటు ఉందా? దానికి పెట్టే ఖర్చు అప్పులవాళ్ళకు, బంధువులకు, జకాత్‌కు హక్కుదారులైన పేదలకు చెందవలసిన దానిలోంచి వెళ్ళడం లేదు కదా?

ఈ నాలుగింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగినవారు చాలా కొద్దిమంది ఉంటారు. వారికి ఆ తొట్టె సృష్టికర్త కారుణ్యాన్ని ప్రతి ఉదయం గుర్తుచేసే పాఠశాల కావచ్చు. జవాబు చెప్పలేనివారు దానికి దూరంగా ఉండటమే మేలు. పిల్లలు అడిగితే కొనివ్వకపోవడానికి కారణాన్ని వారికి వివరించండి. ఒక ప్రాణిని తెచ్చుకోవడమంటే దాని ప్రపంచం మొత్తాన్ని మోయడమని చిన్నప్పుడే తెలిసిన బిడ్డ, రేపు ఒక ఇంటిని, ఒక ఉద్యోగాన్ని, ఒక పదవిని స్వీకరించే ముందు కూడా ఆగి ఆలోచిస్తాడు.

పగడాల తొట్టె అందరి ఇళ్ళలో ఉండదు. కాని మన గుప్పిట్లో ఉండి, తమ కొరతను నోరు తెరచి చెప్పలేనివారు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. మంచాన పడిన తండ్రి ఉన్నాడు. మాట రాని పసిపాప ఉంది. జీతం చాలదని చెప్పలేని పనిమనిషి ఉంది. వారి లోటు మన కళ్ళకు కనిపించే నాటికి ఆలస్యమైపోతుంది. కనుక ఈ రోజే కొలుద్దాం. తూకం తప్పినచోట కొంచెం కొంచెంగా, క్రమం తప్పకుండా సరిచేద్దాం.

మనకు అప్పగించిన ప్రాణుల విషయంలో, మనుషుల విషయంలో త్రాసును నిటారుగా నిలిపే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.